గోడ వెనకవైపు

పదకొండో వారం

మనం ఆగిన చోట ఒక గోడ ఉంది. అది ఉండవలసిన చోట లేదు. కట్టడం సగంలో ఉన్న ఆసుపత్రిలో, ఆపరేషను గది ముందు నడవా రెండు మీటర్ల నలభై సెంటీమీటర్ల వెడల్పు రావలసింది, సరిగ్గా రెండు మీటర్లే వచ్చింది. రోగి పడుకున్న మంచం ఆ నడవాలోంచి ఆపరేషను గదిలోకి తిరగదు. ఆ భవనం నమూనాను కంప్యూటర్లో తయారు చేసినవాడు ఆరు వారాల క్రితం గుండెజబ్బుతో పోయాడు. అతని అక్క అదే డిజైన్ ఆఫీసులో ఇరవై ఆరేళ్లుగా ప్లాన్లు గీస్తోంది. చేతిలో స్టీలు స్కేలు లేకుండా ఆమెను చూసినవాళ్లు లేరు గనక ఆమె అందరికీ స్కేలక్క. ఆఫీసు నడిపే మేడం ఆమె ముందు ఒక ఉత్తరం పెట్టింది. ఈ లోపం కీర్తిశేషులైన మా మోడలర్ పొరపాటు వల్ల జరిగింది అని అందులో ఉంది. కింద ఇద్దరి సంతకాలకు చోటుంది. మేడం సంతకం అప్పటికే పడింది. స్కేలక్క చదివి, కాగితం తిరగేసి, వెనకవైపు పెన్సిల్‌తో చిన్న ప్రశ్నార్థకం వేసి, లోపలికి వెళ్లి ఆ గోడను నా కళ్లతో చూస్తేగాని సంతకం పెట్టనంది.

ఆ మాట అని నలభై నిమిషాలైంది. ఆమె ఇంకా బయటే ఉంది.

లోపలికి వెళ్లడమంటే ఎక్కడికో నడిచి వెళ్లడం కాదు. కళ్లకు హెడ్‌సెట్ కట్టుకుని కుర్చీలో కూర్చోవడమే. కూర్చున్నచోటే కూర్చుని ఇంకా లేవని గోడల మధ్య తిరిగి రావచ్చు. తమ్ముడు దాన్ని గంతలు అనేవాడు. "గుర్రానికి గంతలు కడితే ఉన్నవి కనపడవు. మనకి కడితే లేనివన్నీ కనపడతాయి," అని నవ్వేవాడు. ఆఫీసంతా అదే పేరు ఖాయం చేసుకుంది.

మిగతావాళ్లు గంతలు కట్టుకుని, రెండు చేతుల్లో రెండు కంట్రోలర్లు పట్టుకుని, గాలిలో చేతులు చాచి తలుపులు తీసేవారు, గోడలు జరిపేవారు. స్కేలక్క కుడిభుజం రెండేళ్ల క్రితం పట్టేసింది. చెయ్యి చెవిదాకా కూడా లేవదు. అందుకని తమ్ముడు ఆమె కోసం మామూలు కంప్యూటర్ మౌస్‌నే గంతల్లోకి తెచ్చాడు. రెండు ఆదివారాలు ఆఫీసులోనే కూర్చుని, ఏవేవో రాసి, బల్ల మీద చెయ్యి ఆనించుకునే లోపల తిరిగే వీలు చేశాడు. గంతలు కట్టుకుంటే మౌస్ కనపడదు గనక అది బల్ల అంచు దాటి పడిపోకుండా, పాత చెక్క స్కేళ్లు మూడు తెచ్చి తన బల్ల మీద మూడువైపులా కంచెలాగా అంటించాడు.

ఇప్పుడు ఆ కంచె మధ్య మౌస్ చచ్చినట్టు పడి ఉంది.

"పని చెయ్యదండీ అక్కగారూ," అన్నాడు కంప్యూటర్లు చూసే ఆయన. యాభై ఏళ్ల మనిషి. ఏ జబ్బుకైనా ఆయన దగ్గర ఒకటే మందు ఉండడం వల్ల ఆయన పేరు రీస్టార్టుగారు.

"పోయిన వారం పని చేసిందే?"

"మొన్న అప్‌డేట్ వచ్చింది కదండీ. పాత పరికరాలన్నీ తీసేసింది."

"ఎవర్నడిగి తీసేసింది?"

"అది అడగదండీ."

"మరి మీరెందుకున్నారు ఇక్కడ?"

రీస్టార్టుగారు నొచ్చుకున్నాడో లేదో తెలియదు. "ఒక్కసారి రీస్టార్ట్ చేస్తాను," అన్నాడు.

"ఇప్పటికి మూడుసార్లు చేశారు."

"మూడుసార్లూ చేసింది దీన్నండీ. ఇప్పుడు దాన్ని చేస్తాను." ఆయన బల్ల కిందికి వంగాడు. కిందనుంచే మాట్లాడాడు. "అసలు నాకు తెలియక అడుగుతాను, గంతల్లోకి మౌస్ ఏంటండీ? పెళ్లికి వెళ్తూ పిల్లిని చంకన పెట్టుకెళ్లినట్టు. శుభ్రంగా కంట్రోలర్లు పట్టుకుని వెళ్తే పోలేదా?"

"నా భుజం మీ భుజమైతే నేనూ మీలాగే గాల్లో దోమలు కొడుతూ తిరిగేదాన్ని. ముందు ఆ వైరు సంగతి చూడండి."

కిటికీ పక్క కుర్చీలో మేడం ఫైలు ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. ఫైల్లో ఉత్తరం ఉంది. మేడం తండ్రి ఈ ఆఫీసు పెట్టినప్పుడు ఈ పిల్ల బడినుంచి వచ్చి స్కేలక్క బల్ల కిందే ఇల్లు కట్టి ఆడుకునేది. ఇప్పుడు ముప్పై దాటింది. మూడు నిమిషాలకోసారి గడియారం చూస్తోంది.

"అక్కా, పన్నెండింటికి ఆసుపత్రివాళ్ల మనిషి వచ్చేస్తాడు. ఉత్తరం చేతిలో పెట్టకపోతే ఇక మనకి పని ఇవ్వరు, మాట కూడా వినరు. మీ మీద గౌరవం కొద్దీ ఆగాను గాని, ఇందులో చూడ్డానికేముంది? నేను చూశాను, ఈయన చూశారు, సైటు ఇంజినీరు చూశాడు. నడవా రెండు మీటర్లే ఉంది."

"ఉందని నేను కాదన్నానా? ఎలా వచ్చిందని అడుగుతున్నా."

"ఆయన చనిపోయిన వారంలో, మంగళవారం మధ్యాహ్నం గోడ జరిగిందని రికార్డులో ఉంది. పేరు ఆయనదే ఉంది."

"ఆ మెషీన్ ముందు ఎవరు కూర్చున్నా వాడి పేరే పడుతుంది. వాడి పాస్‌వర్డు ఊరందరికీ తెలుసు."

"ఊరందరికీ అంటే ఎవరికక్కా? నాకు తెలియదు. ఈయనకి తెలుసు. మీకు తెలుసు."

"అయితే ఈయన్నే అడగండి."

బల్ల కింద ఠంగున చప్పుడైంది. రీస్టార్టుగారు తల రుద్దుకుంటూ బయటికొచ్చాడు. "నేనా! నేను గోడ జరపడమేంటండీ! నాకు ప్లాన్లో గోడేదో తలుపేదో కూడా తెలియదు. ఆరు వారాల్నుంచి మీరు నన్ను చూసే చూపు నాకు అర్థం కాలేదనుకున్నారా?"

"అర్థమైతే సమాధానం చెప్పాల్సింది."

"అక్కా," అంది మేడం. ఆ పిలుపులో విసుగూ జాలీ కలిసి ఉన్నాయి. స్కేలక్కకు విసుగు ఫరవాలేదు గాని జాలి గొంతు దిగదు.

"చచ్చినవాడి కళ్లు చారెడంటారు," అందామె. "ఈ ఆఫీసులో చచ్చినవాడి తప్పులు చారెడయ్యాయి. వచ్చి కాదనలేడుగా. రాసెయ్యండి. వాడు పదిహేనేళ్లలో ఒక్క సెంటీమీటరు అటూ ఇటూ చెయ్యలేదు. ఒక్కటంటే ఒక్కటి చూపించమ్మాయ్!"

మేడంను అమ్మాయ్ అని పిలిచి పదేళ్లు దాటింది. గదిలో ముగ్గురూ ఆ మాట విన్నారు.

అప్పుడే బల్ల మీద ఫోన్ మోగింది. రీస్టార్టుగారు మెడ సాచి చూశాడు. "మీ మరదలుగారండీ."

"తరవాత చేస్తాను."

"ఇది రెండోసారండీ."

"ఎన్నోసారో లెక్కపెట్టమని మిమ్మల్నెవరూ అడగలేదు. మౌస్ పని చేస్తోందా?"

మరదలి ఫోన్ ఎత్తాలంటే స్కేలక్కకు ఈ మధ్య భయంగా ఉంటోంది. ఉత్తరం సంగతి ఆ పిల్లకు ఎలాగో తెలిసింది. నిన్న ఇంటికి వెళ్తే, "అయిపోయినదాని గురించి ఎందుకు వదినా," అని మాత్రం అంది. మొగుడి పేరు మట్టిపాలవుతుంటే ఆ మాట ఎలా వచ్చిందో స్కేలక్కకు అర్థం కాలేదు. ఆ కోపం ఇంకా ఆరలేదు.

"ఒక దారి ఉందండీ," అన్నాడు రీస్టార్టుగారు. "బయట తెర ఆపేసి, అప్‌డేట్‌ను వెనక్కి తీస్తాను. అప్పుడు మౌస్‌కి చోటు దొరుకుతుంది. కాకపోతే లోపల మీరు చూసేది మాకు కనపడదు."

"మీకు కనపడకపోతే నాకేం నష్టం లేదు. కానివ్వండి."

నాలుగోసారి రీస్టార్టయ్యాక, మౌస్ కింద ఎర్రదీపం వెలిగింది.

*

గంతలు కట్టుకునేటప్పుడు తల వెనక జుట్టుముడి అడ్డం వచ్చింది. ముడి విప్పితే జుట్టు పట్టీలో ఇరుక్కుంది. మేడం లేచి వచ్చి వెనక పట్టీ సర్దింది. వెలుగు పోయింది. తరవాత నెమ్మదిగా తెల్లటి హాలు ఒకటి చుట్టూ లేచి నిలబడింది.

ముందు మౌస్ వెతుక్కోవాలి. లోపల ఆసుపత్రి మొత్తం కనపడుతుంది గాని జానెడు దూరంలో ఉన్న సొంత చెయ్యి కనపడదు. స్కేలక్క బల్ల మీద తడిమింది. చేతికి చల్లగా ఏదో తగిలింది, పక్కకు ఒరిగింది.

"కాఫీ కప్పండీ!" అన్నాడు రీస్టార్టుగారు ఎక్కడో ఆకాశంలోంచి.

"అక్కడెవరు పెట్టారు?"

"మీరే పెట్టారు."

కాఫీ వేళ్ల మధ్యకు పాకింది. ఎవరో గుడ్డతో తుడిచారు. ఆమె మళ్లీ తడిమింది. చెక్క స్కేలు అంచు దొరికింది. దాని వెంబడే పోతే మూల, మూలలోంచి లోపలికి వస్తే మౌస్. తమ్ముడు చెప్పిన దారి అదే. కంచె దొరికితే మౌస్ దొరికినట్టే అక్కా, చీకట్లో నడిచేటప్పుడు గోడ పట్టుకుంటాం చూడు, అలాగ.

చెయ్యి దాని మీద కుదురుకోగానే ఎదురుగా బాణం గుర్తు ప్రత్యక్షమైంది. ఒకటి కాదు, రెండు.

ఇదొక తద్దినం. దూరంగా ఉన్న గోడను చూస్తే దగ్గరున్న బాణం రెండుగా కనపడుతుంది. బాణాన్ని చూస్తే గోడ రెండవుతుంది. ఏది అసలు బాణమో తెలియక మొదట్లో ఆమె తలుపుకు గురిపెట్టి కిటికీని నొక్కేది. తల ప్రాణం తోకకొచ్చేది. ఒకరోజు విసుగెత్తి గంతలు తీసి బల్ల మీద పడేస్తే, తమ్ముడు తాపీగా చెప్పాడు. "నొక్కేటప్పుడు ఒక కన్ను మూసుకో అక్కా. ఒక కంటికి ఒకటే బాణం." అప్పట్నించీ లోపల ఉన్నంతసేపూ ఆమె ఎడమకన్ను మూసుకునే ఉండేది. తెరవడం, మూయడం, మళ్లీ తెరవడం ఎవరు పడతారు?

ఇప్పుడూ మూసుకుంది.

చక్రం తిప్పితే ముందుకు నడవవచ్చు. మౌస్ మధ్యలో ఉండే ఆ చిన్న చక్రానికి వాడు రెండు పనులు అప్పజెప్పాడు. "ఏదీ పట్టుకోకుండా చక్రం తిప్పితే నువ్వు కదులుతావు. ఏదైనా నొక్కి పట్టుకుని చక్రం తిప్పితే అది కదులుతుంది. అందుకని పట్టుకున్నది వదిలాకే నడువక్కా." ఎన్నిసార్లు చెప్పాడో. చిన్నపిల్లకు రోడ్డు దాటడం చెప్పినట్టు చెప్పేవాడు. ఆరేళ్లు చిన్నవాడు. వాడికి రోడ్డు దాటడం నేర్పింది తనే.

హాలు దాటింది. మెట్లు దాటింది. మౌస్ కంచెకు కొట్టుకున్నప్పుడల్లా ఎత్తి మధ్యలో పెట్టుకోవాలి. ఒకచోట ఎత్తడం ఆలస్యమై తిన్నగా ఒక స్తంభంలోకి వెళ్లిపోయింది. చుట్టూ బూడిదరంగు.

"ఎక్కడున్నారక్కా?" అంది మేడం గొంతు.

"స్తంభంలో."

"గడియారం పదకొండూ నలభై."

"స్తంభానికి చెప్తాను."

వెనక్కి వచ్చి, పక్కకు తిరిగి, చివరికి నడవాలోకి చేరింది. పొడుగ్గా, తెల్లగా, ఖాళీగా ఉంది. కుడివైపున ఆపరేషను గది తలుపు. ఎడమవైపున ఆ గోడ. దానిమీద గీత లేదు, గుర్తు లేదు. ఉతికి ఆరేసిన దుప్పటిలా ఉంది. ఆమె దానిమీద బాణం పెట్టి నొక్కింది. గోడ అంచు నీలంగా మెరిసింది. పట్టుకున్నట్టు గుర్తు. పక్కన చిన్న పెట్టెలో కొలతలు వచ్చాయి. నడవా వెడల్పు రెండు మీటర్లు. సున్నా, సున్నా. ముప్పైతొమ్మిది కాదు, నలభై ఒకటి కాదు. నలభైకి నలభై తగ్గింది.

స్కేలక్కకు మొదటిసారి ఏదో గుచ్చుకుంది. గాల్లో చేత్తో గోడ పట్టుకుని లాగితే అంత కచ్చితంగా రాదు. ముప్పైఏడున్నరో, నలభైరెండూ పావో వస్తుంది. ఇలా తూచినట్టు రావాలంటే ఎవరో అంకె టైపు చేసి ఉండాలి. లేదా...

ఆమె ఆలోచనలో పడింది. ఆలోచించేటప్పుడు ఆమె వేలు ఊరుకోదు. బోర్డు మీద గీసే రోజుల్లో బొటనవేలితో స్కేలు అంచును నిమిరేది. మౌస్ వచ్చాక చూపుడువేలితో చక్రాన్ని నిమరడం అలవాటైంది. నిమిరినట్టు ఆమెకు తెలియను కూడా తెలియదు.

"అక్కగారూ! మళ్లీ మీ మరదలుగారే!" అని రీస్టార్టుగారు చెవి పక్కనే అరిచాడు.

ఉలిక్కిపడి ఆమె రెండు కళ్లూ తెరిచింది.

గోడ ఆమె మీదికి వస్తోంది.

వేలి కింద టక్, టక్ అంది. టక్ అన్నప్పుడల్లా గోడ ఒక అడుగు వేసినట్టు ముందుకు జరిగింది. వేలు ఆపింది. గోడ ఆగింది. పెట్టెలో అంకె మారి ఉంది. ఒక మీటరు ఎనభై ఐదు. మూడు టక్కులు, పదిహేను సెంటీమీటర్లు.

"తరవాత చేస్తానన్నానా!" అని ఆమె గట్టిగా అంది. ఆ గొంతు తనకే కొత్తగా వినపడింది.

చక్రాన్ని వెనక్కి తిప్పింది. టక్, టక్, టక్. రెండు మీటర్లు. ఎడమకన్ను మూసి మళ్లీ ముందుకు తిప్పింది. ఈసారి గోడ కదిలినట్టే లేదు. తెల్లటి గోడ తెల్లగానే ఉంది. ఒంటికంటికి దగ్గరేదో దూరమేదో తెలియదు. రెండో కన్ను తెరిచింది. గోడ మళ్లీ ముఖం మీద ఉంది.

వెనక్కి తిప్పేసి చెయ్యి ఆపుకుంది. లెక్క అక్కర్లేకుండానే వచ్చింది. ఎనిమిది ఐదులు నలభై.

ఆ మంగళవారం మధ్యాహ్నం తమ్ముడు సైటువాళ్లతో ఫోన్లో ఉన్నాడు. ఆపరేషను గది తలుపు తెరిస్తే పిడి ఎదురు గోడకు తగులుతుందేమో చూస్తానని తనే వాడి కుర్చీలో కూర్చుంది. గోడను నొక్కి చూసింది. తగలదు. అంతలో ఆ సాయంత్రం భుజం వ్యాయామానికి వెళ్లాలా, మానాలా అని ఆలోచన పడింది. వెళ్లడానికి ఒళ్లు బద్ధకించింది. ఎంతసేపు ఆలోచించిందో గుర్తులేదు. ఎనిమిది టక్కులంత సేపు. సాయంత్రం ఐదింటికి ప్రింట్లు సైటుకు వెళ్లాయి.

వ్యాయామానికి వెళ్లలేదు కూడా.

"అక్కా, కనిపించిందా?" అంది మేడం.

"చూస్తున్నా."

ఆమె చూడటం లేదు. రెండు కళ్లూ మూసుకుని ఉంది. కాసేపటికి ఆ చీకట్లో మేడం తండ్రి గుర్తొచ్చాడు. పెద్దాయన కాగితం రోజుల్లో ఈ ఆఫీసుకొక పద్ధతి పెట్టాడు. ప్లాను ముందువైపు ఎవరైనా చూస్తారు, డబ్బిచ్చేవాడూ చూస్తాడు, మేస్త్రీ చూస్తాడు. అందుకని సందేహం ఏదున్నా ముందువైపు రాయకూడదు. వెనకవైపు, పెన్సిల్‌తో రాయాలి. అది ఆఫీసువాళ్లు మాత్రమే తిరగేసి చూసుకునే చోటు. కాగితాలు పోయినా ఆ అలవాటు ఇద్దరికి పోలేదు. పొద్దున తను ఉత్తరం తిరగేసి ప్రశ్నార్థకం వేసింది అందుకే. ఆ రెండోవాడు తమ్ముడు.

అందరూ ఈ గోడను నడవాలోంచి చూశారు. ముందువైపునుంచి.

ఆమె ఖాళీ గాలిలో బాణం పెట్టి నొక్కింది. గోడ అంచున నీలం ఆరిపోయింది. పట్టుకున్నది వదిలాకే నడవాలి. చక్రం తిప్పింది. నడవా చివరిదాకా వెళ్లి, ఎడమకు తిరిగి, తలుపులోంచి గోడ అవతలికి వెళ్లింది. అది దుప్పట్లు పెట్టే గది. ఎవరికీ పనిలేని గది. అలమరాలు కూడా ఇంకా గీయలేదు.

గోడ వెనకవైపు, మనిషి కళ్లంత ఎత్తులో, పసుపుపచ్చ చీటీ ఒకటి అంటించి ఉంది. నమూనాలో ఎక్కడైనా అంటించుకోగల చీటీ. దానిమీది అక్షరాలకు వాడు బూడిదరంగు ఎంచుకున్నాడు. పెన్సిల్ రంగు.

బుధవారం పొద్దున. గోడ 40 జరిగింది. అక్క వేలు, చక్రం. నిన్నటి ప్రింట్లు ఆపాలి, సైటుకు ఫోన్ చెయ్యాలి. కొత్తవి పంపాలి. చక్రానికి తాళం పెట్టాలి. నాదే తప్పు, ముందే పెట్టాల్సింది. అక్కకు చెప్పొద్దు. బెంగ పెట్టుకుంటుంది.

బుధవారం పన్నెండింటికి వాడు ఛాతీ పట్టుకుని కూర్చుండిపోయాడు. శనివారం పోయాడు.

ఆమె చీటీని రెండోసారి చదవలేదు. అవసరం లేకపోయింది.

చీటీ మూలలో చిన్న గుణకారం గుర్తు ఉంది. దాన్ని నొక్కితే చీటీ పోతుంది. బయట తెర ఆపేసి ఉంది. ఈ గదిలోకి ఆరు వారాల్లో ఎవరూ రాలేదు, ఇక రారు. రికార్డులో వాడి పేరుంది, ఉత్తరంలో వాడి పేరుంది. వాడు కూడా అదే కోరుకున్నాడని ఈ చీటీ చెబుతోంది. ఎదురుగా రెండు బాణాలు ఊగుతున్నాయి. ఒకటి అక్క అన్న అక్షరాల మీద, ఒకటి ఆ గుర్తు మీద. కన్ను మూస్తే ఒకటే మిగులుతుంది.

ఎంత తెలివితక్కువవాడు అని ఆమెకు ఒళ్లు మండింది. అక్కకు చెప్పొద్దట. సైటుకు ముందు ఫోన్ చేసి ఆ తరవాత చీటీ రాసుకోవచ్చుగా. పక్క బల్ల దగ్గరే ఉన్నాను, ఒక కేక వేస్తే సరిపోయేదిగా. బెంగట, బెంగ! ఇప్పుడేం పెట్టుకున్నట్టు?

ఆమె కన్ను మూయలేదు. మౌస్ మీదనుంచి చెయ్యి తీసి ఒళ్లో పెట్టుకుంది. బాణాలు రెండూ ఉన్నచోటే ఆగిపోయాయి.

*

గంతలు తీసేసరికి గది ఎండతో నిండి ఉంది. కాఫీ తుడిచిన గుడ్డ చెక్క స్కేలు మీద ఆరేసి ఉంది. రీస్టార్టుగారు ఫోన్ చేత్తో పట్టుకుని, ఇవ్వాలా వద్దా అన్నట్టు నిలబడి ఉన్నాడు. మేడం గడియారం చూడటం మానేసి ఆమె ముఖం చూస్తోంది.

స్కేలక్క ముందుగా రీస్టార్టుగారి వైపు తిరిగింది.

"ఆరు వారాల్నుంచి మిమ్మల్ని అనుమానించాను. తప్పు. క్షమించండి."

ఆయన తెల్లబోయాడు. నాలుగు రీస్టార్టులకూ రాని గాభరా ఆయనకు ఆ ఒక్క మాటకు వచ్చింది. "అబ్బే, అదేముందండీ, నేనేమన్నా అనుకున్నానా, ఇందాక తల తగిలింది గాని..." అని ఏదో గొణిగాడు.

"మేడం, ఆ ఉత్తరం ఒకసారి ఇవ్వండి."

మేడం ఫైలు తెరిచి ఇచ్చింది. కలం మూత తీసి కూడా ఇచ్చింది, హమ్మయ్య అన్నట్టు. స్కేలక్క స్టీలు స్కేలు ఆనించి, కీర్తిశేషులైన మా మోడలర్ అన్న మాటల మీద ఒకటే గీత గీసింది. ఇరవై ఆరేళ్ల చెయ్యి. గీత ఎక్కడా వణకలేదు.

"అక్కా!"

"ఆ గోడ వాడు జరపలేదమ్మా. పేరు మార్చి మళ్లీ టైపు చేయించండి. సంతకం పెడతాను."

"ఇంకో పది నిమిషాల్లో మనిషి వస్తాడు. ఇప్పుడు పేరు మార్చడమేంటి? లోపల ఏం చూశారు? ఎవరి పేరని మార్చను?"

స్కేలక్క నోరు తెరిచింది. మళ్లీ ఫోన్ మోగింది. రీస్టార్టుగారి చేతిలోనే మోగింది. ఆయన అది కాల్చినట్టు చప్పున ఆమె చేతిలో పెట్టేశాడు.

"ఎత్తండక్కా," అంది మేడం విసుగ్గా. "ఎత్తితే గాని ఆ అమ్మాయి ఆపేలా లేదు. ఎత్తి, తరవాత నా మాటకి జవాబు చెప్పండి."

ఆమె ఫోన్ చెవికి ఆనించింది. పట్టేసిన భుజం కావడంతో అలవాటుగా ఎడమచేత్తో.

"వదినా, సంతకం పెట్టేశారా?" మరదలి గొంతు పరిగెత్తుకొచ్చినట్టు ఉంది.

"లేదు."

అవతల ఊపిరి వదిలిన చప్పుడు.

"ఏంటమ్మా? చెప్పు."

"పొద్దున ఆయన చొక్కాలు మడతపెడుతున్నాను వదినా. ఆసుపత్రికి వేసుకెళ్లిన చొక్కా చేతికొచ్చింది. అది చూశాక గుర్తొచ్చింది. నిజం చెప్తున్నా, అప్పటిదాకా గుర్తులేదు. నిన్న మీరు వచ్చినప్పుడు కూడా సరిగ్గా గుర్తులేదు, లోపల ఏదో గుచ్చుకుంటోందంతే."

"ఏం గుర్తొచ్చింది?"

"చేర్చిన రోజు సాయంత్రం ఆయనకి మాట బాగానే ఉంది. నన్ను దగ్గరికి పిలిచి, గోడ జరిగింది, సైటుకి ఫోన్ చేసి ఆపించమని మేడంకి చెప్పు, ఇవాళే చెప్పు అన్నారు. రెండుసార్లు చెప్పించుకున్నారు నా చేత. అప్పుడే డాక్టరు పిలిస్తే బయటికి వెళ్లాను వదినా. మళ్లీ..." ఆ గొంతు ఆగిపోయింది. "నేను ఎవరికీ చెప్పలేదు."

మెట్ల మీద అడుగుల చప్పుడు వినిపించింది. బూట్ల చప్పుడు, తొందరలేని మనిషిది. రీస్టార్టుగారు తలుపు వైపు చూసి, కాఫీ గుడ్డ తీసి వెనక దాచుకున్నాడు.

మేడం ఉత్తరాన్ని తన వైపు లాక్కుంది. గీత పడిన చోట, పైన ఉన్న కాస్త ఖాళీలో కలం మొన ఆనించి తల ఎత్తింది.

"చెప్పండక్కా. ఎవరి పేరు రాయమంటారు?"